దూకనన్న కలీపా

కారా-బాల్టా ఊరి బజారు వెనక కుబాత్‌కు టైర్ల కొట్టు ఉంది. ముందు గదిలో పంక్చర్లు వేస్తారు, వెనక గదిలో విమానాలు నడుపుతారు. రెండు పనుల్లోనూ చేతులు మురికవుతాయని కుబాత్ గొప్పగా చెప్పుకుంటాడు కానీ, వెనక గదిలో నిజంగా మురికయ్యేవి నోళ్లే. తెర మీద విమానం కూలిన ప్రతిసారీ అక్కడి మగవాళ్లు తిట్టే తిట్లు బజారులో పుచ్చకాయలమ్మే వాళ్లకి కూడా వినిపిస్తాయి.

ఆ గదిలో గోడంత తెర ఉంటుంది. పాత కారు సీటు పీకి ఇనప చట్రానికి బిగించిన కుర్చీ, కాళ్ల కింద పెడళ్లు, ఎడమ చేతికి థ్రాటిల్, మోకాళ్ల మధ్య జాయ్‌స్టిక్. కంప్యూటర్లో విమానాలు బోలెడున్నా వాళ్లు నడిపేది ఒక్కటే, మిగ్-15. జెట్ యుద్ధవిమానాలు పుట్టిన కొత్తలో వచ్చింది, మూతి కోసేసినట్టు పొట్టిగా ఉంటుంది. ఇప్పటి విమానాలు పైలట్ పొరపాటు చేస్తే తామే సర్దుకుంటాయి. ఇది సర్దుకోదు సరికదా, పగబడుతుంది. అందుకే అదంటే వాళ్లకు పిచ్చి. పైగా ఆ లోయలో ఒకప్పుడు సైనిక విమాన బడి ఉండేది. పెద్దవాళ్లంతా ఆ విమానం రొద వింటూ పెరిగినవాళ్లే. కుబాత్ ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గానీ తమ లోయ పటాన్ని కూడా అందులోకి ఎక్కించాడు. ఎగిరితే కింద కనిపించేది తమ ఊరే, ఎదురుగా అడ్డం నిలిచేవి తమ కొండలే.

కలీపా ఆ గదిలోకి మొదటిసారి వచ్చింది వాన తప్పించుకోవడానికి. ఆమె భర్త తలాంత్ కొండల అవతల పచ్చిక బయళ్లలో గుర్రాల మందను కాస్తాడు. గుర్రప్పాలు పులియబెట్టి చేసే కుమిస్‌ను పాత వ్యానులో వేసుకుని, త్యో-అషూ కనుమ దాటించి బజారుకు తెచ్చేది కలీపా. ఆ దారిలో టైర్లు బతకవు. పోయిన వేసవిలో ఒకరోజు టైరు బాగయ్యేదాకా లోపల కూర్చుందామని వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ చూసి, "ఓసారి నేను ఎక్కనా?" అంది.

"ఎక్కు ఎజే, అదేమన్నా కరుస్తుందా?" అన్నాడు కుబాత్. వయసులో చిన్నవాడు కాబట్టి ఆమెను ఎజే అని అక్క వరసన పిలుస్తాడు.

కరిచింది. మొదటి రోజు విమానం నేల వదల్లేదు. మిగ్ ముందు చక్రానికి స్టీరింగు ఉండదు. పెడల్ తొక్కి, జాయ్‌స్టిక్ మీదున్న బ్రేకు మీట నొక్కి, ఒక పక్క చక్రాన్ని పట్టి ఉంచి తిప్పుకోవాలి. ఆ కిటుకు తెలియక కలీపా రన్‌వే దాకా పోలేక ఒక్కచోటే గిరగిరా తిరిగింది. తర్వాతిసారి వ్యాను ఎక్సలేటరు తొక్కినట్టు థ్రాటిల్‌ను ఒక్క ఊపున తోసింది. ఇంజను మంట కక్కుకుని ఆరిపోయింది. ఆ కాలపు జెట్ ఇంజనుకు తొందర గిట్టదు. కాస్త తోసి, అది ఊపిరి తీసుకునేదాకా ఆగి, మళ్లీ కాస్త తోయాలి.

ఎగరగలిగిన రోజున మాత్రం ఆమెకు ఒళ్లు తెలియలేదు. రొప్పే వ్యానుతో పూటంతా ఎక్కే మలుపులు, లారీల వెనక ఇరుక్కుని పొగ మింగే సొరంగం, ముక్కుపచ్చలారని పోలీసు నిలబడి "డ్రైవరేడి?" అని అడిగే మలుపు, అన్నీ కింద చిన్నగీతలా జారిపోయాయి. ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్లు లేరు. ఎప్పుడొస్తావని అడిగేవాళ్లు లేరు. కలీపా గట్టిగా నవ్వేసింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి అలా నవ్వడం ఆ మగవాళ్లు చూసి ఉండరు, తలలు తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఆమె దాన్ని వదల్లేదు. చలికాలం కుమిస్ ఉండదు, బజారు పని తక్కువ. వారానికి రెండు మూడుసార్లు వచ్చి కూర్చునేది. వేగం మరీ పెరిగితే విమానం ఒక రెక్క దానంతటదే వాల్చేస్తుందని, అప్పుడు మొండికెయ్యకుండా వేగం తగ్గించాలని నేర్చుకుంది. ముందున్న పలక మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది. విమానం సుడి తిరుగుతూ పడిపోతున్నప్పుడు, పైనేదో కిందేదో తెలియనప్పుడు, కళ్లు ఏం చెప్పినా వినకుండా జాయ్‌స్టిక్‌ను ఆ గీతకేసి తోసి పట్టాలి. ఎందరో మగధీరులు కంగారుపడి దాన్ని పొట్టలోకి లాక్కుని నేలలోకి దిగబడ్డారు. కలీపా నాలుగు రోజులు దిగబడింది, ఐదో రోజు నుంచి మానేసింది.

ఆమె చేసిన అసలు తప్పు వేరే ఉంది. అది ఆ కనుమ దారి వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. త్యో-అషూ నుంచి దిగేటప్పుడు డీజిలు ఆదా అని అక్కడి డ్రైవర్లు ఇంజను ఆపేసి, బండిని దాని బరువు మీద వదిలేస్తారు. బ్రేకులు కాలి కంపు కొడుతున్నా ఆపరు. కలీపాకూ అదే దురలవాటు. ఒకరోజు మిగ్‌లో కొండ దాటి లోయలోకి వాలుతుంటే, చెయ్యి దాని పాటికి అది పోయి థ్రాటిల్‌ను చివరికంటా వెనక్కి లాగేసింది. ఇంజను ఆరిపోయింది. విమానం ఎవరిదో చక్కెర దుంపల చేలో కూలింది. గదంతా గొల్లున నవ్వింది.

"ఎంత డీజిలు మిగిలింది ఎజే?"

"మిగిలింది తలాంత్‌కి పంపించు, గుర్రాలకి పోస్తాడు!"

ఆ రోజు నుంచి ఆమె పేరు డీజిల్ ఎజే అయింది. ఇంకొకరైతే సిగ్గుపడి ఆ తప్పు మళ్లీ చెయ్యకుండా జాగ్రత్తపడేవాళ్లు. కలీపాకు రోషం వచ్చింది. నవ్వుతారా, అయితే ఇంజను ఆపే దిగుతాను చూడండి అనుకుంది. చలికాలమంతా కావాలని ఇంజను ఆపేసి దిగడమే పనిగా పెట్టుకుంది. లోయలో ఆమె కూలని చేను లేదు. మంచు కరిగేనాటికి కూలడం తగ్గింది, నవ్వులూ తగ్గాయి.

నవ్వనివాడు ఒక్కడే ఉండేవాడు, ఓరోజ్బెక్. ఆ విమాన బడిలో అసలు మిగ్ మీద కుర్రాళ్లకు చదువు చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా నడుము వంగలేదు. ఆ గదికి రోజూ వస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు, తప్పులు పడతాడు. తను మాత్రం ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. "బొమ్మ," అంటాడు. అయినా అక్కడ ఆయన మాటే మాట. పోటీకి ముందు ఆయన అరచేతులు చాచి బాతా ఇచ్చి దీవిస్తే తప్ప ఎవరూ జాయ్‌స్టిక్ ముట్టుకోరు. పెళ్లికైనా ప్రయాణానికైనా పెద్దల బాతా లేనిదే గడప దాటని మనుషులు వాళ్లు. కలీపా కుర్చీ ఎక్కిందంటే ఆయన సిగరెట్ కోసం బయటికి పోయేవాడు.

జూన్‌లో సరిహద్దు అవతలి తరాజ్ ఊరి జట్టుతో పోటీ కుదిరింది. నలుగురికి నలుగురు. పోటీ రెండు రోజులుందనగా ఇటు నాలుగోవాడు గుర్రం మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

"ఆ చోటు కలీపా ఎజేకి ఇద్దాం," అన్నాడు కుబాత్.

"టైర్లతో పాటు నీ బుర్ర కూడా అరిగిపోయిందా?" అన్నాడు ఓరోజ్బెక్.

"బాగా నడుపుతుంది కదా బైకే." పెద్దవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు.

"నడపనీ. ఆడదాన్ని కూర్చోబెట్టామని తెలిస్తే తరాజ్ వాళ్లు మన గడ్డాలు పట్టుకుని నవ్వుతారు. కుమిస్ అమ్ముకునే మనిషికి యుద్ధవిమానం ఏమిటి?"

కలీపా అక్కడే గోడకి ఆనుకుని ఉంది. "నేను ఇక్కడే ఉన్నాను బైకే. నాతో మాట్లాడండి, గోడతో కాదు."

ఇన్నాళ్లలో ఆయన ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు.

"సరే, విను. రేపు మధ్యాహ్నం అందరి ముందూ ఎగురు. నేను చెప్పిన పనులన్నీ చేసి, విమానాన్ని రెక్క నలగకుండా తెచ్చి రన్‌వే మీద నిలబెట్టు. నిలబెడితే చోటు నీది. పగలగొట్టావో, ఇక ఈ గది గుమ్మం తొక్కకూడదు. టైర్లు కూడా ఇంకో ఊళ్లో వేయించుకో."

"ఒప్పుకున్నా."

"తొందరపడకు. ఆలోచించుకో."

"ఆలోచించుకోవాల్సింది మీరు. ఇంతమంది ముందు మాట ఇచ్చేశారు."

నోటితో అలా అంది కానీ, వ్యాను ఎక్కి ఊళ్లోని ఇంటికి పోతుంటే ఆమెకు అసలు సంగతి బోధపడింది. పోటీ పోతే పోయింది. ఆ కుర్చీ పోతేనో? పొద్దున్న లేస్తే అత్తకు టీ, గొడ్లకు దాణా, బజారులో బేరాలు, దారిలో పోలీసులు, ఎవరి నోట విన్నా చెయ్యి, తే, పో. ప్రపంచంలో ఆమె చేతి కింద నడిచేది ఆ విమానం ఒక్కటే. దాన్ని ఎవడో అన్న మాటకు పందెం కాసేసింది. తనను తాను తిట్టుకుంది, ఆ తర్వాత ఓరోజ్బెక్‌ను అంతకు రెట్టింపు తిట్టి కాస్త కుదుటపడింది.

మర్నాడు వెనక గది కిక్కిరిసింది. ఎవరో టీ కెటిల్ తెచ్చి బల్ల మీద పెట్టారు. కలీపా కుర్చీలో కూర్చుని పెడళ్లు సర్దుకుంటుండగా గుమ్మంలో కర్ర చప్పుడైంది. అత్త సోనున్ వచ్చింది. తెల్లటి తలగుడ్డ, చేతికర్ర, ముఖాన నిప్పులు. బజారులో ఎవరో చెవిన వేశారన్నమాట.

"ఏమే కలీపా! ఇంతమంది మగాళ్ల మధ్య ఆ కూర్చోవడం ఏమిటే? లే. ఇంటికి పద."

"అయిపోగానే వస్తా అపా," అంది కలీపా, కదలకుండా. అత్తను అమ్మ అన్నట్టే అపా అని పిలుస్తుంది.

"తీసుకుపోండి ఎజే," అన్నాడు ఓరోజ్బెక్ ముసలామెతో. "కోడలికి కళ్లెం వెయ్యడం మీ ఇంట్లో ఎవరికీ చేతకాకే కదా ఇంతదాకా వచ్చింది. ఎలాగూ నేను బాతా ఇవ్వను. బాతా లేకుండా ఎగిరేదీ లేదు."

పాపం, ఆయన ఆ కళ్లెం మాట అనకుండా ఉండాల్సింది. సోనున్ తన కోడల్ని రోజుకు పదిసార్లు తిడుతుంది, ఊళ్లో అందరికీ తెలుసు. అది ఆమె సొంత సొత్తు. ఇంకొకరు చెయ్యి వేస్తే ఊరుకోదు.

"ఏమన్నావురా?"

"నేనన్నది..."

"మా కోడలికి కళ్లెం వెయ్యడానికి అదేమన్నా మీ దొడ్లో గుర్రమా? దాన్ని తిట్టడానికి నేను ఇంకా బతికే ఉన్నాను. నీ వయసెంత?"

"డెబ్బై రెండు," అన్నాడు ఓరోజ్బెక్, సైన్యంలో జవాబు చెప్పినట్టు.

"నాకు డెబ్బై తొమ్మిది. నువ్వు ముక్కు చీదుకుంటూ మా చెట్టు ఆప్రికాట్లు దొంగిలించే రోజుల్లో ఆ చెట్టుకి నీళ్లు పోసిన కోడల్ని నేను. ఈ గదిలో పెద్దదాన్ని నేనే. బాతా నేనిస్తాను."

కర్ర కుబాత్ చేతికిచ్చి అరచేతులు చాచింది. మగవాళ్లందరూ గబగబా చేతులు చాచారు, చాచకపోతే ఏమవుతుందో అని. "నీ దారి తెల్లగా, అడ్డు లేకుండా ఉండాలి. పోయినదానివి పోయినట్టే తిరిగి రావాలి. నిన్ను చూసి ఓర్వలేనివాడి నోరు మూతపడాలి. ఓమియిన్," అని దీవెన ముగించింది. అందరూ అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. అలవాటు కొద్దీ ఓరోజ్బెక్ చేతులు కూడా పైకి లేచి, దారిలో ఎక్కడో సంగతి గుర్తొచ్చి, గడ్డం గోక్కుని దిగిపోయాయి.

సోనున్ అంతటితో వదల్లేదు. కెటిల్ అందుకుని ఒక గిన్నెలో అంచుదాకా, ఒలికిపోయేట్టు టీ పోసి ఓరోజ్బెక్ చేతిలో పెట్టింది. అక్కడ మనిషిని గౌరవించేటప్పుడు గిన్నె అడుగున కాసినే పోస్తారు, మళ్లీ మళ్లీ పోస్తారు. నిండా పోశారంటే తాగి లేచి పొమ్మని. ఓరోజ్బెక్ చెవులు ఎర్రబడ్డాయి. తాగనూ లేదు, పోనూ లేదు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నన్ను తీసుకుపోదామని కదా వచ్చావు అపా?" అంది కలీపా.

"ఇంటికెళ్లాక నీ పని చెప్తాను. ముందు వీడి పని చూడు."

కలీపా ఇంజను వెలిగించింది. థ్రాటిల్ కొంచెం కొంచెంగా తోసింది. విమానం కదిలి, వంకర పోకుండా రన్‌వే ఎక్కి, నేల వదిలింది. ఓరోజ్బెక్ ఒకటొకటే చెప్పాడు. పైకెక్కు. గుండ్రంగా తిప్పు. తలకిందులు చెయ్యి. ఆమె చేసింది. సుడిలో పడెయ్యి అన్నాడు. ముక్కు పైకెత్తి వేగం చంపేసి, పెడల్ తన్ని సుడిలో పడేసింది. తెర మీద కొండలూ ఆకాశమూ గిరగిరా తిరిగాయి. సోనున్ కళ్లు మూసుకుంది. కలీపా జాయ్‌స్టిక్‌ను తెల్ల గీతకేసి తోసింది, వేచింది, విమానం సుడి మానింది. ఎవరో "అబ్బా" అన్నారు. ఆమెకు నవ్వొచ్చింది. అంతమంది చూస్తున్నారన్న సంగతే మరిచిపోయింది. అప్పటికది పరీక్షలా లేదు, ఆమెకు ఇష్టమైన మధ్యాహ్నంలా ఉంది.

అంతలో ఓరోజ్బెక్ కుబాత్‌కు కనుసైగ చేశాడు. కుబాత్ మొహం చిన్నబుచ్చుకుని పక్కనున్న కీబోర్డు మీద ఏదో నొక్కాడు.

ఇంజను రొద ఆగిపోయింది. గాలి ఈల మాత్రం మిగిలింది.

"ఇంజను పోయింది. మళ్లీ వెలగదు," అన్నాడు ఓరోజ్బెక్. "రన్‌వే దూరం. దూకు."

కలీపా విమానాన్ని రన్‌వే వైపు తిప్పింది. ముక్కు వంచి వేగం నిలుపుకుంది.

"వినపడలేదా? సీటు పిడి లాగి పారాచూట్‌తో దూకు. ఇది ఆజ్ఞ."

పుస్తకం ప్రకారం ఆయన చెప్పింది తప్పేమీ కాదు. ఆ ఎత్తులో, ఆ దూరంలో అసలు విమానం నడిపే కుర్రాడైతే దూకాల్సిందే. కానీ కలీపాకు విషయం వెలిగింది. దూకితే విమానం చేలో పడి ముక్కలవుతుంది. విమానం ముక్కలైతే ఆమె ఈ గుమ్మం తొక్కకూడదు. మాట వింటే ఓడిపోతుంది. ముసలాయన నిన్ననే అంతా లెక్కేసి పెట్టాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"దూకను."

"దూకమంటున్నా!"

"దూకనంటున్నా!"

ఆ ఊళ్లో పెద్దమనిషికి అలా ఎదురు చెప్పిన ఆడది అంతకుముందు ఉందో లేదో తెలియదు. సోనున్ కళ్లు తెరిచి కోడలి కుర్చీ వీపు పట్టుకుంది.

ఇంజను లేకపోతే చక్రాలు దిగవు. వాటిని దించడానికి సిలిండర్లో కాస్త గాలి బిగించి ఉంటుంది, అది ఒక్కసారికే. ముందే దించితే చక్రాలు గాలికి అడ్డుపడి విమానం రన్‌వే చేరదు. ఆలస్యం చేస్తే పొట్ట మీద పడుతుంది. కింద చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం వచ్చింది. చలికాలమంతా ఆ గొట్టం పక్కనే ఆమె కూలింది, ఎక్కడ ఎంత ఎత్తు కావాలో ఒంటికి తెలుసు. ఇప్పుడు కాదు. "చక్రాలు! చక్రాలు ఎజే!" అని ఎవరో అరిచారు. ఇప్పుడు కాదు. పాప్లార్ చెట్ల వరస ముక్కు కిందికి జారిపోయింది. అప్పుడు మీట లాగింది. చక్రాలు దిగి తట్టుకున్న చప్పుడు, వెంటనే నేల తగిలిన చప్పుడు. విమానం ఒక్కసారి ఎగిరిపడి, నిలదొక్కుకుని, పరుగెత్తి పరుగెత్తి రన్‌వే మధ్యలో ఆగింది.

"నిలబెట్టింది," అన్నాడు కుబాత్, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. అందరూ ఓరోజ్బెక్ వైపే చూస్తున్నారు.

"పరీక్ష తప్పింది," అన్నాడాయన. "ఆజ్ఞ మీరింది. మా బడిలో అయితే ఈ క్షణమే బయటికి గెంటేవాణ్ణి."

కలీపా కుర్చీలోంచే వెనక్కి తిరిగింది.

"మీ బడి నన్ను ఎప్పుడు లోపలికి రానిచ్చింది బైకే, బయటికి గెంటడానికి?"

ఓరోజ్బెక్ తెర మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాడు.

"పదిహేడేళ్లప్పుడు మీ గేటు దాకా వచ్చాను. కాపలావాడు నవ్వాడు. వంటగదిలో పనుందేమో కనుక్కోమన్నాడు. మీకు తెలియదులెండి, నాకు తెలుసు. రెక్క నలగకుండా నిలబెట్టమన్నారు. అదిగో, నిలబడింది. దూకి ఉంటే మీ ఆజ్ఞ నిలిచేది, నేను రోడ్డున పడేదాన్ని. అందుకే దూకమన్నారు. మీ ఆజ్ఞ మీ దగ్గరే ఉంచుకోండి. చోటు నాది."

ఆయన మళ్లీ తెర వైపు చూశాడు. చేతిలో గిన్నె ఉందన్న సంగతి అప్పుడు గమనించి బల్ల మీద పెట్టాడు.

"కుబాత్, పేరు చేర్చు," అన్నాడు. తర్వాత రెండడుగులు వేసి కుర్చీ దగ్గరికి వచ్చాడు. "లే."

"మాట ఇచ్చారు!" అంది కలీపా.

"పొమ్మని కాదు. నేను కూర్చోవాలి." ఆయన చూపు ఆమె మీద లేదు, జాయ్‌స్టిక్ మీద ఉంది. "ఇన్నేళ్లూ కుర్రాళ్లకు దూకమనే చెప్పాను. దూకకుండా ఎలా వస్తుందో నా చేతులతో చూడాలి."

గదిలో మగవాళ్లందరూ ఒక్కసారిగా పక్కకు జరిగి దారిచ్చారు. ఆ ఊళ్లో అంత వయసు మనిషి కూర్చుంటానంటే రొట్టెల కొట్టు ముందైనా, డాక్టరు గుమ్మం ముందైనా ఎవరూ ఆగమనరు. కుబాత్ కుర్చీ తుడవడానికి గుడ్డ కూడా తీశాడు. కలీపా లేవలేదు.

"నా వంతు ఇంకా అవలేదు బైకే," అంది. "మీరు నా తర్వాత."

కలీపా తెర వైపు తిరిగి మళ్లీ ఇంజను వెలిగించింది. ఓరోజ్బెక్ ఆమె కుర్చీ వెనక్కి వెళ్లి వరసలో నిలబడ్డాడు.